ఏది ఆయన, ఏది జబ్బు

నరాల డాక్టరమ్మ బల్లమీద ఒక గాజుగిన్నె, గిన్నె నిండా చాక్లెట్లు. ఏడ్చే పిల్లలకి ఇవ్వడానికి పెట్టుకున్నట్టుంది. సోఫా మేస్త్రి కుర్చీలో కూర్చోగానే ఆ గిన్నెను ఒళ్ళోకి లాక్కున్నాడు. ఒక్కొక్కటే కాగితం విప్పడం, నోట్లో వేసుకోవడం, ఆ కాగితాన్ని చదునుగా మడిచి చొక్కా జేబులో దాచుకోవడం. సోఫా మూల దగ్గర గుడ్డ మడత పెట్టి మేకు కొట్టేటప్పుడు ఎంత శ్రద్ధ ఉండేదో ఇప్పుడూ అంతే శ్రద్ధ.

"ఏవండీ, పెట్టెయ్యండి. బాగోదు," అంటూ భార్య గిన్నె అంచు పట్టుకుంది.

"ఉండనివ్వండమ్మా," అంది డాక్టరమ్మ.

ఆ మాటలోని మెత్తదనానికే భార్యకు భయం వేసింది. ఇలాంటి పనికి ఇదివరకు ఎవరూ ఉండనివ్వమనలేదు.

మేస్త్రి సోఫాలు కడితే వాటికి కవర్లు కుట్టేది ఆమె. అందుకని వీధిలో అందరికీ ఆమె కవర్లమ్మ. సొంత పేరు పిలిచేవాళ్ళు పోయి చాలాకాలమైంది.

డాక్టరమ్మ నల్లటి స్కానింగు ఫిల్మును దీపం వెలుగుకి ఆనించి వేలితో చూపించింది. "ఇదిగో, నుదురు వెనకాల ఉండే భాగం. చూశారా, ఇక్కడ మెదడు కుంచించుకుపోయింది. ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టడం, సిగ్గు, మొహమాటం, ఎక్కడ ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో, ఇవన్నీ చూసుకునేది ఈ భాగమే."

పాత కుర్చీ విప్పితే లోపల స్పాంజి ఎండి, మూలలు వదిలేసి మధ్యకి ముడుచుకుని ఉంటుంది. కవర్లమ్మకు అదే కనిపించింది.

"డయాగ్నోసిస్ అయిందమ్మా. రోగనిర్ధారణ అంటారు మన మాటల్లో."

"అంటే ఏంటండీ?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "వేరు చేసి తెలుసుకోవడం అని. పైకి ఒకేలా కనపడేవాటిలో ఇది ఇది, అది అది అని విడదీసి చెప్పడం. మీరు ఈయనకి పొగరెక్కిందనుకున్నారు. వీధిలో వాళ్ళు పిచ్చి అనుకున్నారు. ఇంతకుముందు చూసిన డాక్టరు మనసులో దిగులుందని నిద్రమాత్రలిచ్చాడు. అవేవీ కావు. ఇది మెదడు జబ్బు."

"మందు?"

"ఆపే మందు లేదమ్మా. కాస్త నెమ్మదిగా ఉంచడానికి ఇస్తాను. అంతే."

కవర్లమ్మ ఏడవలేదు. తలమీద మూటని ఎవరో వచ్చి దింపినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. తరవాత తనే సిగ్గుపడింది, మందు లేదన్నప్పుడు వదలాల్సిన ఊపిరేనా అది అని.

"అయితే ఈయన కావాలని చెయ్యలేదన్నమాట. టీచరుగారింట్లో గడియారం జేబులో వేసుకు రావడం?"

"జబ్బే."

"లావుగా ఉన్నవాళ్ళని మొహంమీదే లావుగా ఉన్నావనడం?"

"జబ్బే."

"మా అమ్మాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు..." అని ఆగిపోయింది.

ఏమిటని అడక్కుండానే డాక్టరమ్మ తలూపింది. "అదీ జబ్బే అయి ఉంటుంది."

"ఎప్పట్నించి ఉందండీ ఇది?"

"ఫలానా రోజు నించి అని ఎవరూ చెప్పలేరు. మనం కనిపెట్టేసరికే చాలాకాలం అయిపోయి ఉంటుంది."

మేస్త్రి కుర్చీలోంచి లేచి, వంగి, దాని అడుగున చెయ్యి పెట్టి చూశాడు. "పట్టీ తెగింది," అన్నాడు. ఖాళీ గిన్నె బల్లమీద పెట్టి భార్య మోచేతి దగ్గర రవిక అంచు రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున కవర్లమ్మ కొట్టు షట్టరు ఎత్తి పనిలో పడింది. ఒకరి ఆఫీసు కుర్చీల తాలూకు సీట్లు కుప్పగా ఉన్నాయి. ఇప్పుడు విప్పడమూ ఆమే, కట్టడమూ ఆమే, కుట్టడమూ ఆమే. ఉలి మొన మేకు తల కిందకి దూర్చి సుత్తితో తట్టి పైకి లేపుతోంది. పాత మేకులు డబ్బాలో టింగుమని పడుతున్నాయి. ఆమె బల్ల దగ్గరుంటే మేస్త్రి బల్ల దగ్గర, మిషను దగ్గరకి జరిగితే మిషను దగ్గర. కుళాయి దగ్గరకి వెళితే అక్కడా వెనకే. పెళ్ళయినప్పటినించీ రోడ్డుమీద ముందు నడవడమే తప్ప పక్కన నడవని మనిషి. పనికి వెళ్ళిన ఇళ్ళలో మర్యాదస్తుడని పేరు. సొంత ఇంట్లో నోట్లో మేకులు పెట్టుకున్నట్టే మాట పెగిలేది కాదు. అలాంటి మనిషి ఈ మధ్య ఆమె ఎక్కడుంటే అక్కడే. వీధంతా ఛీ అన్నాక కూడా ఆమెను ఆ ఇంట్లో నిలబెట్టినవి రవిక అంచు పట్టుకునే ఆ రెండు వేళ్ళే. కూతురు ఎన్నిసార్లు వచ్చెయ్యమన్నా, "నేను లేకపోతే మీ నాన్న ఉండలేరే," అనేది. అన్నప్పుడల్లా లోపల ఏదో కాస్త వెచ్చగా అనిపించేది.

పని సగంలో ఆపి చేతులు కడుక్కుంది. "పదండి. టీచరుగారింటికి వెళ్ళొద్దాం."

టీచరుగారు రిటైరై చాలాకాలమైంది. ఆవిడ ఇంట్లో సోఫా మేస్త్రి కట్టిందే. దాన్ని బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడే ఆయన బల్లమీది గడియారం జేబులో వేసుకున్నాడు. టీచరుగారి కొడుకు వీధి మలుపులో పట్టుకుని, పదిమందీ చూస్తుండగా చెంప పగలగొట్టాడు. ఆ చెంపదెబ్బ చప్పుడు కవర్లమ్మ కొట్టులోంచే విన్నది. దెబ్బ తిని మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకొకటి కొట్టాడు.

తలుపు తీసింది ఆ కొడుకే.

"గడియారం సంగతి కాదు బాబూ," అంది కవర్లమ్మ గుమ్మంలోంచే. దారి పొడుగునా లోపల్లోపల వల్లించుకున్న మాట బయటపెట్టింది. "మా ఆయనకి డయాగ్నోసిస్ అయింది. మెదడు జబ్బంట. అది దొంగతనం కాదు. డాక్టరమ్మ చెప్పింది."

ఆ మాటకి అతని మొహం మారిపోయింది. "అయ్యో. లోపలికి రండి, రండి. జబ్బని తెలిస్తే చెయ్యి చేసుకునేవాణ్ణా అండీ?"

తెలియకపోతే చేసుకోవచ్చా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

టీచరుగారు బిస్కెట్లు తెచ్చి పెట్టింది. "తింటారా ఈయన?" అని కవర్లమ్మను అడిగింది. మేస్త్రి ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆవిడ గుడ్డ రంగు ఎంచుకోవాలన్నా మేస్త్రిగారూ, ఇది నప్పుతుందా అని ఆయన్నే అడిగేది. ఆయన ఊఁ అంటేనే కొనేది. ఇప్పుడు ఆయన తలమీదుగా భార్యతో మాట్లాడుతోంది. నిద్ర పడుతుందా ఈయనకి, స్నానం తనే చేస్తాడా.

మేస్త్రి సోఫా నొక్కి చూశాడు. "కుంగింది. మీ బరువుకే."

కవర్లమ్మ ఉలిక్కిపడింది. కానీ టీచరుగారు నవ్వింది. కొడుకూ నవ్వాడు. "పాపం," అన్నారు ఇద్దరూ. వచ్చేటప్పుడు ఆ అబ్బాయి, తను కొట్టిన చెంపనే చంటిపిల్లాడి బుగ్గ తట్టినట్టు తట్టి, "జాగ్రత్తండీ తాతగారూ," అన్నాడు. మొన్నటిదాకా మేస్త్రి అనేవాడు.

ఆ పూటే రెక్సిన్ కొట్టు ఆయనకీ, చిల్లర కొట్టు ఆవిడకీ, మూల మీద టీ కాచే మనిషికీ చెప్పింది. అందరికీ అదే మాట, అదే వరస. ఎక్కడ చెప్పినా కోపాలు నీరుగారిపోయాయి, కూర్చోమని స్టూలు వేశారు. మేస్త్రి పరువు తిరిగి తెద్దామని బయల్దేరిన మనిషికి ఇల్లు చేరేసరికి చేతికొచ్చింది అందరి జాలి. పరువు ఏ కొట్లోనూ దొరకలేదు. తిట్టేటప్పుడైనా మేస్త్రిని మనిషిలా చూసి తిట్టేవాళ్ళు కదా అనిపించింది ఒక్క క్షణం. ఛ, ఇదేం ఆలోచన అని తనను తనే కసిరింది.

ఇక చెప్పవలసింది ఒక్కరికే. ఇన్నిచోట్ల తిరిగింది బహుశా ఆ ఒక్క ఇంటికి వెళ్ళడానికి ధైర్యం కూడగట్టుకోవడానికే.

కూతురు తలుపు తీసి, తల్లి వెనక తండ్రిని చూసి, లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. మంచంమీద ఉతికిన బట్టలు కుప్పగా ఉన్నాయి. కూర్చుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. అల్లుడు పనికి వెళ్ళినట్టున్నాడు. కవర్లమ్మ వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఒక దుప్పటి అందుకుంది. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయన్నెందుకు తెచ్చావమ్మా?"

"నాన్నకి జబ్బు చిట్టీ. మెదడులో. డాక్టరమ్మ ఫొటో తీసి చూపించింది. ఆయన అన్నవీ, చేసినవీ అన్నీ జబ్బేనంట. డయాగ్నోసిస్ అయింది."

కూతురు దిండు గలీబు దులిపి మడిచింది. మడత కుదరలేదు. మళ్ళీ దులిపింది. "అన్నీనా?"

"అన్నీను."

"ఆ రోజు ఆస్పత్రిలో ఏమన్నారో నీకు గుర్తుందా?"

"ఎందుకులే ఇప్పుడు..."

"నా బిడ్డ కడుపులోనే పోయిన రోజు నా మంచం నొక్కి చూసి, స్ప్రింగులు పోయాయన్నారు. నాకోసం మా అత్తగారు తెచ్చిన ఆపిల్ పళ్ళు ఒకటొకటే తిన్నారు. నేను ఏడుస్తుంటే నన్ను చూసి నవ్వారు. అదీ జబ్బేనా?"

"అదీ జబ్బే. నేను అడిగాను."

కూతురు చేతిలోని గలీబు ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచలేదు. "బాగుందమ్మా. అప్పట్నించీ నేను నాన్నమీద కోపంతో బతుకుతున్నాను. ఆ కోపం పట్టుకునే మంచంమీంచి లేచాను, అన్నం తిన్నాను, పనికి వెళ్ళాను. బిడ్డ ఎందుకు పోయిందంటే ఎవరూ ఏదీ చెప్పలేదు. కోపమైనా నాకు మిగిలింది అనుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి, అది కూడా నీది కాదు, ఇచ్చెయ్యి అంటే నేను దేన్ని పట్టుకోనమ్మా?"

కవర్లమ్మ రెండు చేతులతో దుప్పటి కొసలు కలిపి పట్టుకుని అలాగే ఉండిపోయింది. గుమ్మంలోంచి మేస్త్రి, "ఆ పరుపు మంచిది," అన్నాడు.

ఒళ్ళోని గలీబు మళ్ళీ మడుస్తూ కూతురు అడిగింది. "ఎప్పుడొచ్చిందట ఇది?"

"చెప్పలేమంది."

"అయితే ఆ రోజు మాట్లాడింది నాన్నే అయి ఉండొచ్చు. జబ్బు తరవాత వచ్చి ఉండొచ్చు."

ఆ మాట కవర్లమ్మ ఊహించలేదు.

"డాక్టరు దగ్గరకి మళ్ళీ ఎప్పుడు? నేనూ వస్తాను. నేనే అడుగుతాను," అని కూతురు మడత పెట్టిన బట్టలు తీసుకుని ముందుగదిలోని బీరువా దగ్గరకి వెళ్ళింది. గుమ్మం దాటుతూ తండ్రికి తగలకుండా ఒదిగి వెళ్ళింది.

డాక్టరమ్మ ఈసారి గాజుగిన్నెను సొరుగులో పెట్టేసింది. కూతురు అడిగినవన్నీ ఓపిగ్గా విన్నది. ఏడాది కిందటి ఆస్పత్రి సంగతి విని, కాసేపు ఫిల్ము వైపు చూసి, "ఇంత మార్పు ఒక్క ఏడాదిలో రాదమ్మా. ఆ రోజుకే ఉండి ఉంటుంది. మీ బాధ ఆయనకి కనపడలేదు. కళ్ళముందున్నా అందలేదు. కనపడి నవ్వలేదు," అంది.

కూతురు తలుపు వైపుకి మొహం తిప్పుకుంది. భుజాలు మాత్రం కిందకి జారాయి, ఇన్నాళ్ళూ ఎవరో పైకి లాగి పట్టుకున్నట్టు.

"ఇంట్లో ఎలా ఉంటున్నారు? మీకు కష్టంగా ఉందా?" డాక్టరమ్మ కవర్లమ్మను అడిగింది.

"నాకేం కష్టం లేదండీ," అంది కవర్లమ్మ. అనకుండా ఉండలేక ఇంకొంచెం అంది. "బయటే గొడవగాని, నా దగ్గర బుద్ధిగా ఉంటారు. ఆయనకి నేనుంటే చాలు. వెనకే తిరుగుతారు. ఒక్క నిమిషం కనపడకపోతే ఉండలేరు." అలా అంటున్నప్పుడు గొంతులో ఏదో గర్వంలాంటిది తనకే వినిపించింది.

డాక్టరమ్మ రాసుకుంటూనే అంది. "అదీ ఇందులోదే."

"ఏదండీ?"

"వెంట తిరగడం. ఈ జబ్బుల్లో కొంతమందికి ఉంటుంది. అలవాటైన మనిషి కంటపడకపోతే గాభరా పడతారు. ఎవరు దగ్గరుంటే వాళ్ళని పట్టుకుంటారు. ఒకందుకు మీకు మంచిదేనమ్మా. రేపు మీకు చేతకాకపోతే వేరే మనిషిని పెట్టుకున్నా, ఇలాంటివాళ్ళని చూసే చోట ఉంచినా తొందరగానే అలవాటు పడతారు. నేను లేకపోతే ఏమైపోతాడో అని మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు."

ఓదార్పుగానే చెప్పింది ఆవిడ. కవర్లమ్మ తలూపింది. మోచేతి దగ్గర రెండు వేళ్ళు పట్టుకునే ఉన్నాయి. వాటివైపు చూడలేదు. వేరు చేసి తెలుసుకోవడం అంటే ఇదేనా అనుకుంది. చెడ్డవన్నీ ఏరి జబ్బు వైపు పోసినప్పుడు ఎంత సంతోషించింది! ఆ కుప్పలోకి ఈ ఒక్కటీ వస్తుందని అనుకోలేదు.

కూతురు ఆ రోజు తన ఇంటికి వెళ్ళలేదు. పుట్టింట్లోనే ఆగింది. తండ్రితో మాట్లాడలేదు గాని ఆయన కంచంలో అన్నం తనే వడ్డించింది.

తెల్లారి కొట్టులో కూర్చుని, తల్లి కుడుతుంటే కవరు అంచుకి వేసే పైపింగు అందిస్తూ మెల్లిగా కదిపింది. "విన్నావుగా అమ్మా. చూసుకునే చోట్లు ఉన్నాయట. నాన్నకి ఎక్కడైనా ఒకటేనంది డాక్టరమ్మ. నువ్వింక ఇలా ఒక్కదానివే మేకులు పీక్కుంటూ... మా ఇంటికి వచ్చెయ్యి."

"చూద్దాంలే."

"ఎన్నాళ్ళు చూస్తావు?"

మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది కవర్లమ్మ. సూది గుడ్డలో దిగి ఉంది. పక్కన మేస్త్రి నిలబడి, కుట్టు ఆగినందుకు గుడ్డ వైపు చూస్తున్నాడు.

"దారం అయిపోయింది. రీలు తెస్తాను. నాన్నని చూస్తుండు," అని లేచింది.

సొరుగు నిండా రీళ్ళున్నాయి. కూతురికి ఆ సంగతి తెలియదు. మేస్త్రి వెనకే రెండడుగులు వేశాడు. "ఇక్కడే ఉండండి," అని రవిక అంచు మెల్లిగా విడిపించుకుంది. ఆ వేళ్ళు ఇంత తేలిగ్గా విడిపోతాయని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ఎప్పుడూ విడిపించుకుని చూడలేదు.

రోడ్డు దాటి రెక్సిన్ కొట్టు ముందు, నిలబెట్టిన రెక్సిన్ చుట్టల వెనక ఆగింది. షట్టరు పూర్తిగా ఎత్తి ఉండడంతో కొట్టు లోపలంతా కనపడుతోంది. ఒక ఆటో అడ్డం వచ్చి వెళ్ళింది.

మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఒక చెయ్యి షట్టరు పట్టాను పట్టుకుంది. ఆయన మొహంలో గాభరా ఇక్కడికి కూడా తెలుస్తోంది. చూడండి డాక్టరమ్మా, చూడండి అనుకుంది కవర్లమ్మ. ఆయన ఒక అడుగు బయటపెట్టాడు. ఆమె చుట్టల వెనకనించి సగం ముందుకొచ్చింది, పిలవబోయింది.

లోపల కూతురు లేచింది. బల్లమీద గుడ్డ ముక్కలు సర్దడానికి కాబోలు, ఇటునించి అటు నడిచింది. ఆ కదలికకి మేస్త్రి తల తిప్పి చూశాడు. చూసి, లోపలికి వెళ్ళాడు. కూతురు బల్ల చివరకి వెళితే ఆయనా వెళ్ళాడు. ఆమె మిషను దగ్గరకి వస్తే ఆయనా వచ్చాడు. కూతురు ఆగింది. వెనక్కి తిరగలేదు, నిలబడిందంతే. మేస్త్రి చెయ్యి చాపి ఆమె మోచేతి దగ్గర రవిక అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఇక రోడ్డు వైపు చూడలేదు.

కవర్లమ్మ రెక్సిన్ చుట్టకి చెయ్యి ఆనించుకుంది. "ఏం కావాలి కవర్లమ్మా?" అని లోపలినించి కొట్టాయన అడిగాడు. ఏమీ వద్దంది. వెళ్ళిపోవచ్చు అనుకుంది. నిజంగానే వెళ్ళిపోవచ్చు. ఆయనకి ఏమీ లోటుండదు. ఆ మాట ఎవరో చెబితే వినడం వేరు, రోడ్డవతల నిలబడి కళ్ళారా చూడడం వేరు.

అప్పుడు కూతురు మొహం కనపడింది. మెల్లిగా తండ్రి వైపు తిరిగింది ఆ పిల్ల. డాక్టరమ్మ చెప్పిందంతా చెవులారా విన్నది. ఎవరు దగ్గరుంటే వాళ్ళని పట్టుకుంటారన్న మాట తల్లితో పాటే విన్నది. విని కూడా, మోచేతి దగ్గర ఉన్న ఆ వేళ్ళ వైపు చూస్తూ, కదిలితే వదిలేస్తాయేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. కళ్ళనించి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే కదలాలి.

కవర్లమ్మ వెంటనే రోడ్డు దాటలేదు. పోయే బళ్ళను పోనిచ్చింది, వచ్చే బళ్ళను రానిచ్చింది. దాటడానికి వీలున్నప్పుడు కూడా దాటలేదు. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని కొట్టులోకి వచ్చింది. మేస్త్రి ఆమెను చూశాడు. చూసి, ఉన్నచోటనే ఉన్నాడు.

"దొరికిందా?" అంది కూతురు.

"లేదు. సొరుగులో ఒకటి ఉన్నట్టు గుర్తొచ్చింది."

మిషను ముందు కూర్చుని సొరుగు కొంచెమే లాగి, రీలు తీసి, మూసేసింది. దారం కొసను నోట్లో తడిపి సూది బెజ్జం వెతుకుతోంది.

"అమ్మా," అంది కూతురు, వినపడీ వినపడనట్టు. "నాన్న నా చెయ్యి పట్టుకున్నారు."

సూదిలోకి దారం ఎక్కలేదు. ఊరంతా తిరిగి ఒకే ఒక్క నిజాన్ని ఇంటింటికీ చెప్పి వచ్చిన కవర్లమ్మ తల ఎత్తకుండానే అంది:

"నీకోసమే చిట్టీ. నువ్వు రావడం మానేసిన కాడ్నించీ గుమ్మంలో ఎవరి అలికిడి విన్నా నువ్వేనేమోనని చూసేవారు. నువ్వు లేక, నన్ను పట్టుకుని తిరిగేవారు."

కూతురు నమ్మిందో లేదో తెలియదు. తండ్రి వేళ్ళు అలాగే ఉండనిచ్చి, ఖాళీగా ఉన్న రెండో చేత్తో బల్లమీది పైపింగు అందుకుని తల్లికి అందించింది.